నోరు తెరువు బావా

కార్ఖానాలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మరమగ్గం మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి, పోగు ఊరికే ఎందుకు తెగుతోంది, ఇలాంటివి అడుగుతారు. చివర్లో, "మాస్టర్, మీ సర్వీసుల అన్నిటికంటే పెద్ద రిపేరు ఏది?" అంటారు. విరిగిన షాఫ్టు కథేదో చెబుతానని వాళ్ల ఆశ. నేను మా బావ నోరు గురించి మొదలుపెడతాను. వాళ్లకు అది నచ్చదు. ఒక చెవి నాకిచ్చి రెండో చెవి ఫోనుకిస్తారు. అందుకే రాసి పెడుతున్నాను. మధ్యలో లేచి చాయ్‌కి పోయినా కాగితం ఏమీ అనుకోదు.

సూరత్‌లో, లింబాయత్‌లోని ఒక గల్లీలో, మరమగ్గాల కార్ఖానాలో నేను మాస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాస్టర్ అంటే బడిపంతులు కాదు. చెడిపోయిన మరమగ్గాన్ని బాగుచేసి మళ్లీ నడిపించేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. మాది కరీంనగర్ వైపు పల్లె. నన్ను ఇక్కడికి తెచ్చింది మా అక్క మొగుడు, అంటే బావ. నాకు పోగు అతకడం నేర్పిందీ ఆయనే. తర్వాత నేను పానా పట్టుకుని ఆయనకే మాస్టర్‌నయ్యాను. ఆ సంగతి ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. నలుగురిలో ఉన్నప్పుడు, "ఏం మాస్టర్ సాబ్, మీ గురువుగారికి జర చాయ్ చెప్పుండ్రి" అంటాడు.

సాంచాలు నడిచే షెడ్డులోకి మీరు ఎప్పుడైనా అడుగుపెట్టారా? అక్కడ మాట వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగమే అందుతుంది. అందుకని మేం పెదాలు చూసి మాట్లాడుకుంటాం. దూరంగా ఉంటే చేతులతో మాట్లాడతాం. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. పిడికిలి తిప్పితే బీమ్, అంటే పడుగు నూలు చుట్టిన ఇనుప రోలు, అయిపోవచ్చింది, కొత్తది ఎక్కించాలి. రెండు చేతులు భుజాల మీద వేసుకుంటే సేఠ్ వస్తున్నాడు. నాలుకతో బుగ్గ ఉబ్బించి చూపితే మావా కావాలని. మావా అంటే మీకు తెలియంది కాదు. వక్కముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి నలిపి బుగ్గన పెట్టుకునేది. మా కార్ఖానాలో అన్నం తినని మనిషి దొరికితే దొరకవచ్చు గానీ మావా తినని మనిషి దొరకడు.

మా బావ ఎడమ బుగ్గ పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఉబ్బే ఉండేది. నోరు ఒక పక్కకు లాగి ఉండేది. బయట మాట్లాడితే ముద్దముద్దగా వచ్చేది. పెళ్లిలో తీసిన ఫొటోలో కూడా అలాగే ఉన్నాడు. ఆ ఫొటో చూపించి మా అక్క, "నాకు ఇచ్చింది బుగ్గొక్కటే, మనిషి ఎనుకనుంచి వచ్చిండు" అనేది. అక్క ఇంట్లో కూర్చుని రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరలకు దారాలు కత్తిరించే పని చేసేది. ఇప్పటికీ చేస్తుంది. ఆమె నోరు, ఆమె కత్తెర రెండూ ఒక్కలాంటివే.

మా కార్ఖానాకు నెలకోసారి, పగార్ ఇచ్చే రోజున, హెల్త్ సెంటర్ నుంచి ఒక నర్సమ్మ వచ్చేది. పగార్ రోజున ఎవరూ నాగా పెట్టరని ఆమెకు తెలుసు. అందరం ఆమెను బెన్, అంటే అక్కా, అనేవాళ్లం. గుజరాతీ ఆవిడ, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం సాంచాల మీద నుంచి కూడా వినపడుతుంది. గేటు దగ్గర బల్ల వేసుకుని అందరికీ బీపీ, షుగర్ చూసేది. మావాళ్లలో బీపీ లేనివాడిని వెతుక్కోవాలి. పన్నెండు గంటలు నిలబడి పని. ఒక వారం పగలు పాళీ, ఒక వారం రాత్రి పాళీ. నిద్రకు వేళ లేదు. అన్నంలో కూర కంటే తొక్కు ఎక్కువ, తొక్కులో కారం కంటే ఉప్పు ఎక్కువ. పైన పాపడ్. ఆ పైన మావా. కొందరికి చాటుమాటుగా మందు కూడా.

బెన్ మా బావకు మొదటిసారి పట్టీ కట్టి చూసి, నమ్మకం లేక రెండో చేతికి కట్టి చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది.

"కాకా, తలనొప్పి వస్తదా?"

"మా ఇంటామె మాట్లాడినప్పుడు వస్తది" అన్నాడు బావ.

అందరూ నవ్వారు, బెన్ నవ్వలేదు. డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు గోలీలు రాశాడు. రోజుకొకటి, బీపీ తగ్గినా సరే మానకూడదన్నాడు.

ఇక్కడ మావాళ్ల తెలివి గురించి చెప్పాలి. తనిఖీ వాళ్లు వస్తున్నారంటే సేఠ్ ముందురోజు సాంచాలన్నిటికీ నూనె పట్టించి, నేల కడిగించి, మాకు మంచి చొక్కాలు వేసుకు రమ్మనేవాడు. తనిఖీ అయిపోతే మళ్లీ మామూలే. మావాళ్లు గోలీల విషయంలోనూ అదే పద్ధతి పెట్టారు. బెన్ వచ్చే రోజు దగ్గరపడుతోందంటే నాలుగైదు రోజులు క్రమం తప్పకుండా మింగేవారు. పగార్ రోజుకు బీపీ బుద్ధిగా కూర్చునేది. బెన్ మెచ్చుకునేది. ఆ సాయంత్రం నుంచి మళ్లీ గోలీల ఊసు లేదు. మిగిలిపోయినవి ఏం చేసేవాళ్లో తెలుసా? ఎవరికి తలనొప్పి వస్తే వాళ్లకు పంచేవారు. "బీపీ గోలీ ఉందా అన్నా, తల పగులుతుంది" అని అడిగి తీసుకునేవాళ్లు. బీపీ లేనివాడు కూడా వేసుకుని, కళ్లు తిరిగి బీమ్ మీద పడ్డ రోజులున్నాయి.

అలా పడ్డవాడొకడి వల్లే బెన్‌కు సంగతి తెలిసింది. మర్నాడే చెప్పాపెట్టకుండా వచ్చేసింది. పగార్ రోజు కాదు, క్యాంపు లేదు. సాంచాల మధ్యలోకే వచ్చి ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయి బీపీ చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏ క్యా ప్రసాద్ హై? బాంట్ బాంట్ కే ఖా రహే హో!" అని అరిచింది. గుడి ప్రసాదం పంచుకున్నట్టు మందులు పంచుకుంటున్నారా అని. అందరం తలలు వంచుకున్నాం. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లు సగం గుజరాతీలో ఉండడం వల్ల మా పరువు కొంత దక్కింది.

తిట్టడం అయ్యాక కూర్చుని చెప్పింది. నాకు చదువు తక్కువే గానీ ఆమె చెప్పిన తీరు నాకు అర్థమైంది. నెత్తురు ఎక్కువ జోరుతో కొడుతూ ఉంటే నరాలు లోపలలోపలే పాడవుతాయి. నొప్పి ఉండదు, తెలియదు. ఒకరోజు మెదడులో నరం మూసుకుపోతుంది, లేకపోతే చిట్లుతుంది. దాన్నే లక్వా అంటారు, మన భాషలో పక్షవాతం. బీపీ ఒక్కటే కాదు, పొగాకు దాన్ని దగ్గరికి లాక్కొస్తుంది. షుగరు, ఉప్పు, తాగుడు, నిద్ర లేకపోవడం, ఒళ్లు కదలకపోవడం, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. లక్వా వస్తే ఎలా గుర్తుపట్టాలో, అప్పుడు ఏం చేయకూడదో కూడా చెప్పింది.

"మా నాయిన గూడ గట్లనే పడ్డడు బెన్" అన్నాడు బావ. మొదటిసారి ఆయన గొంతులో ఎగతాళి లేదు. "మంచంల ఉండి ఉండి పోయిండు. నాకూ రాసిపెట్టే ఉంటది. గోలీ మింగితే రాత మారుతదా?"

"నాన్న దగ్గర నుంచి వచ్చింది మార్చలేం కాకా. మిగతావన్నీ నీ చేతిలోనే ఉన్నాయి" అని వేళ్లు మడిచింది. గోలీ, మావా, ఉప్పు, నడక, నిద్ర.

బావ ఆ వేళ్లకేసి కొంచెంసేపు చూశాడు. "ఇన్ని చెప్తివి. నాతోని గాదు. అండ్లకెల్లి ఒక్కటి ఒదులుత. గంతే. నువ్వు ఏది జెప్తే అది" అన్నాడు.

"ఇది రింగ్ రోడ్ మార్కెట్ కాదు కాకా, బేరం ఆడడానికి" అంది బెన్.

"సరే, బేరం లేదు. అన్నిట్ల పెద్దది ఒదులుత, చూడు." బావ లేచి వెళ్లి మోరీలో మావా ఉమ్మేశాడు. జేబులో ఉన్న పొట్లం కూడా పారేశాడు. నీళ్లు పుక్కిలించి వచ్చి, "ఇగ ముట్ట" అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. కానీ మా బావకు మొండితనం ఒక్కటే ఆస్తి. మొదటి వారాలు నరకం చూశాడు, మాకూ చూపించాడు. చేతులు వణికేవి. మాటకు ముందు కోపం వచ్చేది. సోంపు నమిలాడు, లవంగాలు నమిలాడు, ఒకరోజు దారం ముక్క నములుతూ దొరికాడు. అయినా మావా ముట్టలేదు. కొన్ని నెలలకు ఆయన ఎడమ బుగ్గ లోపలికి పోయి, నోరు సాపుగా అయ్యి, మాకందరికీ ఎవరో కొత్త మనిషిలా కనిపించాడు. మాట కూడా స్పష్టంగా వచ్చేది. అక్క మురిసిపోయింది. "పెండ్లయినన్ని ఏండ్లకు ఇప్పుడు తెలిసింది నీ బావ మాట్లాడేది తెలుగే అని" అంది నాతో. కార్ఖానాలో ఎవరైనా బుగ్గ ఉబ్బిస్తే బావ పోయి వాడి నెత్తిన ఒకటి వేసేవాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి లెక్క అయిపోయాడు.

మేం ఆ సంబరంలో ఉండిపోయాం. గోలీ సంగతి ఎవరం అడగలేదు. పొగాకు మానిన మనిషి గోలీ వేసుకోకుండా ఉంటాడని ఎవరనుకుంటారు? ఆయన లెక్క వేరే ఉంది. పెద్దది వదిలాను కాబట్టి చిన్నదాంతో నాకు పని లేదు అనుకున్నాడు. బెన్ కాదన్న బేరాన్ని తన లోపల తానే ఖాయం చేసుకున్నాడు. పగార్ రోజు ముందు మాత్రం పాత పద్ధతే, నాలుగైదు గోలీలు. అంతకు మించి లేదు. అది తర్వాత ఆయనే చెప్పాడు.

ఆ రోజు పగలు పాళీ. మధ్యాహ్నం చాయ్ తాగి ఎవరి సాంచాల దగ్గరికి వాళ్లం పోయాం. చాయ్ దగ్గర బావ బాగానే ఉన్నాడు. "బామ్మర్దీ, చాయ్‌ల చక్కెర గూడ తగ్గియ్యాల్నంట. మీ బెన్ ఇంక నాతోని ఏమేం ఇడిపిస్తదో" అని నవ్వాడు కూడా. నేను షెడ్డు ఆ చివర ఒక సాంచా కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాను. ఎవరో కాలితో తట్టారు. చూస్తే బావ పక్క సాంచాలు నడిపే కుర్రాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిపి మాట్లాడతాడు. వాడు నవ్వుతూ నాలుకతో బుగ్గ ఉబ్బించి, బావ వైపు చెయ్యి చూపించాడు. కాకా మళ్లీ మావా మొదలుపెట్టాడని.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలు కష్టపడి ఇప్పుడు ఇదా అని. అక్కకు ఏం చెప్పను? చేతిలో పానాతోనే లేచి వెళ్లాను.

బావ తన సాంచాల మధ్య నిలబడి ఉన్నాడు. ఒక సాంచా పోగు తెగి ఆగిపోయి ఉంది. ఆయన దాన్ని చూస్తున్నాడే గానీ అతకడం లేదు. నిజమే, నోరు ఒక పక్కకు లాగి ఉంది. పాత రోజుల్లో ఉన్నట్టే ఉంది. నేను ఎదురుగా నిలబడి పెదాలతో అడిగాను: "మళ్ల తింటున్నవా?"

ఆయన ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి. నాకు అర్థం కాలేదు.

ఇది మీకు మామూలుగా ఉండొచ్చు. నాకు కాదు. నేను ఈ నగరానికి వచ్చిన కొత్తలో పెదాలు చదవడం నేర్చుకుందే ఆయన నోటి మీద. బుగ్గలో ఇంత మావా పెట్టుకుని మాట్లాడినా ఒక్క అక్షరం పోకుండా చదివేవాణ్ని. ఆ రోజు ఆయన పెదాలు మళ్లీ కదిలాయి. మళ్లీ అర్థం కాలేదు. బుగ్గ నిండా కుక్కుకున్నాడు, అబద్ధం ఆడుతున్నాడు అనుకున్నాను. కోపంతో గడ్డం పట్టుకుని, "నోరు తెరువు బావా" అన్నాను.

తెరిచాడు.

ఖాళీగా ఉంది. నాలుక శుభ్రంగా ఉంది. మావా లేదు, సోంపు కూడా లేదు. కుడి పక్క నుంచి చొంగ కారి నా చెయ్యి తడిసింది. అప్పుడు తెలిసింది, ఆయన మావా పెట్టేది ఎడమ బుగ్గన, ఇప్పుడు జారిపోయింది కుడి పక్క.

బెన్ చెప్పిన పరీక్ష గుర్తొచ్చింది. నవ్వమనాలి, రెండు చేతులు ఎత్తమనాలి, ఒక మాట అనమనాలి. రెండు చేతులు ఎత్తమని సైగ చేశాను. ఎడమది నెత్తి దాకా లేచింది. కుడిది నడుము దాకా వచ్చి, ఎవరిదో అన్నట్టు కింద పడిపోయింది. బావ ఆ చేతిని చూసుకున్నాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

పరుగెత్తి మెయిన్ స్విచ్ దింపేశాను. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పని మధ్యలో మా షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం ఎవరూ చూసి ఉండరు. ఆ నిశ్శబ్దంలో బావ గొంతు వినపడింది. "థ... థి... లే..." అంటున్నాడు. ముద్దగా, పసిపిల్లవాడిలా. కుర్రాడి ముఖం పాలిపోయింది. "కాకా, మై తో మజాక్..." అని, వేళాకోళానికి చేశానంటూ ఏడుపు మొదలుపెట్టాడు.

అంతలో జనం చేరారు. ఒకడు నీళ్లు తెచ్చాడు. ఒకడు ఉల్లిగడ్డ వాసన చూపించమన్నాడు. ఒకడు జేబులోంచి బీపీ గోలీ తీసి, "నాలుక కింద పెట్టుండ్రి, దిగుతది" అన్నాడు. నేను ఆ చేతిని నెట్టేశాను. మింగడం చేతగాని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని, ఆ సమయంలో సొంతంగా బీపీ దింపకూడదని బెన్ అంతకుముందే చెప్పింది. బావను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాం.

కండెలు చుట్టే పెద్దాయన ఒకడుండేవాడు మా దగ్గర. మంచివాడే, కానీ తెలియంది లేదన్నట్టు మాట్లాడతాడు. ఆయన నా భుజం పట్టుకుని, "మాస్టర్, దవాఖానకు కొంచవోతే మంచాన ఏస్తరు. బార్డోలీ కాడ లక్వాకు పసరు పోసి మాలిష్ జేసేటాయన ఉన్నడు. మా తోడల్లుడు లేచి నడిచిండు. ఇగో, ఆటో మాట్లాడుత" అన్నాడు.

అప్పటికి అక్క వచ్చేసింది. ఎవరు చెప్పారో, చేతిలో కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. చీర కొంగుకు రంగురంగుల దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. పెద్దాయన ఆమెకు కూడా అదే చెప్పాడు. అక్క ఊగిసలాడింది. ఎందుకంటే మా అక్క మామగారిని అప్పట్లో పట్నం దవాఖానకే తీసుకుపోయారు. చాలా ఆలస్యంగా తీసుకుపోయారు, ఆయన మంచంలోనే తిరిగొచ్చాడు. ఆలస్యం సంగతి అందరూ మరిచిపోయారు. దవాఖాన మాత్రం గుర్తుంది.

"తమ్మీ, నువ్వు చెప్పు. నాకేం తోస్తలేదు" అంది.

నేను చెప్పిన దారిలో పోయి ఆయనకేమైనా అయితే, అక్క ముఖం జీవితాంతం ఎట్లా చూడాలి? నాకు భయమేసింది, చాలా భయమేసింది. బెన్‌కు ఫోన్ చేశాను. ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "పెద్ద సర్కారీ దవాఖాన. స్కానింగ్ ఉన్నది. ఇప్పుడే. ఎప్పటి దాకా బాగున్నాడో గుర్తు పెట్టుకో, వాళ్లు అదే అడుగుతారు. నోట్లో ఏమీ వేయొద్దు."

"అక్కా, దవాఖానకే. బార్డోలీ ఏడికి పోదు, రేపైనా ఉంటది. ఇది రేపటికి ఆగేది కాదు" అన్నాను. పెద్దాయన గొణిగాడు. అక్క కత్తెర కింద పడేసి బావ తల పట్టుకుంది. అంటే ఒప్పుకుందని.

మా గల్లీ చాలా ఇరుకు. ఆ వేళకు గుడ్డల మూటలు దింపే టెంపో అడ్డంగా ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేశాం గానీ, అది వచ్చినా రోడ్డు మొదట్లోనే ఆగిపోతుంది. బీమ్‌లు తోసుకుపోయే ఇనుప ట్రాలీ ఉంటుంది మా దగ్గర. దాని మీద రెండు మూటలు పరిచి బావను పడుకోబెట్టాం. మావా సైగ చేసిన కుర్రాడే దాన్ని తోశాడు. నడవలేదు, పరుగెత్తాడు. "హటో! హటో! ఖస్సో భాయ్!" అని అరుస్తూ, ఏడుస్తూ, టెంపో పక్క సందులోంచి ఎట్లా పట్టించాడో నాకు ఇప్పటికీ తెలియదు. అంబులెన్సు ఇంకా రాలేదు. ఎదురుగా షేరింగ్ ఆటో ఆగి ఉంది, నిండా జనం. వాళ్లు బావ ముఖం చూసి ఒక్క మాట అనకుండా దిగిపోయారు. సూరత్‌ను నేను చాలా తిట్టుకున్నాను గానీ, ఆ ఒక్క విషయంలో తిట్టను.

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ మొదట అడిగింది అదే. "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడు?"

"చాయ్ అప్పుడు. చక్కెర గురించి నాతో మాట్లాడాడు. నవ్వాడు" అన్నాను. చాయ్ ఎప్పుడో చెప్పాను.

"బీపీ మందులు రోజూ వేసుకుంటాడా?"

ఆ ప్రశ్న అక్కకు. కార్ఖానాలో ఎవరూ ఆమెను మాటతో గెలవలేరు. అలాంటిది, "నాకు ఎరుక లేదమ్మా. మావా ఇడిసిపెట్టిండు గదా, నేను అడగలే" అంది. ఆ మాట నేనే డాక్టరమ్మకు హిందీలో చెప్పాను.

స్కానింగ్ తీశారు. నరం చిట్లలేదు, మూసుకుపోయింది. తొందరగా తెచ్చారు కాబట్టి నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చన్నారు. ఆ మందుకు గంటల గడువు ఉంటుందట, అది దాటితే ఇవ్వరట. ప్రమాదం కూడా ఉందని, నెత్తురు కారవచ్చని చెప్పారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇయ్యమను" అంది. ఇచ్చారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. కుర్రాడు కూడా పోలేదు, గోడకానుకుని నిలబడ్డాడు. సేఠ్ ఫోన్ చేసి, ముందు బావ ఎట్లా ఉన్నాడని అడిగి, తర్వాత సాంచాలు ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు. ఆ వరుసలో అడిగినందుకే నాకు ఆయన మీద గౌరవం.

బావ బతికాడు. రోజులు గడిచేకొద్దీ కాలులోకి బలం వచ్చింది. నోరు కొంచెం కొంచెం సర్దుకుంది. కుడి చెయ్యి మాత్రం వెనకబడింది. మాట ఇంకా వెనకబడింది. అక్కను చూసేవాడు, నన్ను చూసేవాడు, ఏదో అనబోయి ఆగిపోయేవాడు. డాక్టరమ్మ, "తొందరపెట్టకండి, వస్తుంది" అంది.

ఒక పొద్దున నేను చాయ్ తీసుకుని వార్డులోకి పోయేసరికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి రమ్మని ఎడమ చేత్తో పిలిచాడు. దగ్గరికి పోయాను. పెదాలు కూడగట్టుకుని, బరువు ఎత్తుతున్నట్టు కష్టపడి, ఒక మాట అన్నాడు.

"తి...న...లే."

నాకు మొదట తట్టలేదు. చాయ్ తాగలేదంటున్నాడేమో అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, వేలితో తన ఎడమ బుగ్గ తట్టి చూపించాడు. "తినలే, బామ్మర్దీ."

సాంచాల మధ్య నిలబడి నేను చదవలేకపోయిన మాట అదే. మెదడులో నరం మూసుకుపోతుంటే, చెయ్యి పడిపోతుంటే, ఆ మనిషి నాకు చెప్పాలనుకున్నది తను మాట తప్పలేదని. నాకు ఏడుపొచ్చింది. వార్డులో అందరి ముందే ఏడ్చాను. "తెలుసు బావా, నోరు చూసిన గదా" అన్నాను. ఆయన ఇంకా కష్టపడి, "గోలీ... తినలే" అన్నాడు. అప్పుడు చెప్పాడు ఆ బేరం సంగతి, ముక్కలు ముక్కలుగా, రెండు రోజులు పట్టింది. అక్క విని తిట్టలేదు. అది ఆయనకు తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

మళ్లీ సాంచా పట్టుకోలేకపోయాడు. పోగు ముడి వేయడానికి రెండు చేతుల వేళ్లు కావాలి. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి నలపమని ఇస్తే, చిన్నపిల్లల ఆట అని అవతల పడేశాడు. అక్క దారం కండె తెచ్చి ముందు పెట్టింది. దాంతో కూర్చున్నాడు. ఇప్పుడు ముడి పడుతుంది, కానీ ఒక ముడి పడే లోపల సాంచా గజం బట్ట నేసేస్తుంది. సేఠ్ మంచివాడే గానీ కార్ఖానా మంచితనంతో నడవదు. బావ పని పోయింది.

కార్ఖానాలో మాత్రం ఒక మార్పు వచ్చింది. అది నేను చేసిందే, గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే. గోలీ వేసుకోండి అంటే ఎవరికీ గుర్తుండదు. ఇంటి దగ్గర మరిచిపోతారు, వచ్చాక పనిలో పడతారు. కానీ పాళీ మొదట్లో సాంచాకు నూనె వేయకుండా ఎవడూ స్విచ్ వేయడు. అది చేతికి అలవాటు. అందుకని నూనె డబ్బాలు పెట్టే అరలోనే నీళ్ల కుండ పెట్టించాను, ఎవరి గోలీల పట్టీ వాళ్లది పక్కన. ముందు సాంచాకు నూనె, వెంటనే మనిషికి గోలీ. రాత్రి పాళీ అయినా, పగలు పాళీ అయినా ఇదే. పాళీ మారే వారం ఏం చేయాలో బెన్ వచ్చి ఒక్కొక్కడికి విడిగా చెప్పి పోయింది. నేను షెడ్డు ఆ చివర నుంచి నూనె పోస్తున్నట్టు చెయ్యి వంచి చూపితే, అవతలివాడు గోలీ మింగానని నోరు తెరిచి చూపాలి. కొత్తగా చేరినవాళ్లు మాకు పిచ్చి అనుకునేవారు. తొక్కు, పాపడ్ మాన్పించలేకపోయాను. ఒక్క రోజున అన్నీ మానితే మా వాళ్లు మా వాళ్లు కారు. కానీ డబ్బా తెచ్చుకునేవాళ్లు తొక్కు పక్కకు పెట్టి, ముద్దకు అంచు మాత్రం తగిలించడం మొదలుపెట్టారు. మావా తినేవాళ్లు బావ వస్తే దాచేవారు. కనీసం దాచేవారు. ఆ కుర్రాడు మాత్రం పూర్తిగా మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

రిటైరైన ఏడాదే నాకూ బీపీ బయటపడింది. బెన్ పట్టీ విప్పుతూ, "రండి మాస్టర్, మీరూ బీపీవాళ్లలో కలిశారు" అంది. మా బావకు ఆ వార్త చెబితే జిలేబీ తిన్నంత సంతోషపడ్డాడు.

బావ ఇల్లు మాకు రెండు గల్లీల అవతల. రోజూ నడవమన్నారు కదా, పొద్దున్నే కుడి కాలు కొంచెం ఈడుస్తూ మా గుమ్మం దాకా వస్తాడు. మాట ఇప్పటికీ నెమ్మది. బయట జనం ఆయన మాట పూర్తయ్యే దాకా ఆగరు. అందుకని ఎక్కువ మాట్లాడడు. గుమ్మంలో నిలబడి నూనె పోసే సైగ చేస్తాడు. వేసుకున్నానని నేను తల ఊపుతాను. ఒప్పుకోడు. ఒక్కోరోజు నాకు చిరాకు వేస్తుంది. వయసొచ్చింది, మనవళ్లు చూస్తున్నారు, రోజూ ఇదేంది అని కసురుకుంటాను. ఆయన కదలడు. ఆ పోగులు అతికిన చెయ్యి, ఇప్పుడు సగమే లేచే కుడి చెయ్యి, కష్టపడి లేపి నా గడ్డం పట్టుకుంటాడు.

"నోరు... తెరువు... బామ్మర్దీ" అంటాడు.

తెరుస్తాను.